మాట లేని పది రోజులు: నాగార్జునసాగర్‌లో విపశ్యన శిబిరం

సున్నా రోజు – హిల్ కాలనీ

హైదరాబాద్ నుంచి సాగర్ 150 కిలోమీటర్లు, అటూ ఇటూగా. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా దారి. మాచర్ల బస్సు ఎక్కితే హిల్ కాలనీలో దింపమని కండక్టర్‌కి ముందే చెప్పి పెట్టుకోవాలి. కునుకు పట్టిందంటే వంతెన దాటి ఆంధ్రలో తేలతారు. సాగర్ అనేది ఒకే ఊరు కాదు. డ్యామ్ కట్టే రోజుల్లో వెలసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఎడమ గట్టున, విజయపురి సౌత్ కుడి గట్టున. ‘సాగర్‌లో దిగాను’ అంటే ఎక్కడో ఎవరికీ అర్థం కాదు.

‘ధ్యానం సెంటర్’ అంటే ఆటో అతను నేరుగా తీసుకెళ్లి బుద్ధవనం గేటు ముందు ఆపాడు. అతని తప్పు లేదు. 2022 మేలో తెరిచిన ఆ 274 ఎకరాల వనం పేరే ఇప్పుడు అందరికీ తెలుసు. అక్కడ చూడాల్సింది అమరావతి నమూనాలో కట్టిన మహాస్తూపం. విపశ్యన, అంటే ఒంట్లోని సంవేదనల్ని గమనించే ధ్యానం, దాని శిబిరం జరిగేది వేరే చోట, ‘ధమ్మ నాగజ్జున’లో. ‘గోయెంకా గారి విపశ్యన సెంటర్’ అని అడిగితేనే దారి దొరుకుతుంది. వెనక్కి తిప్పినందుకు ఇంకో యాభై.

ఆ పేరు దగ్గర కాస్త ఆగాలి. నాగజ్జున అంటే నాగార్జునుడికి పాళీ రూపం. మహాయానం, థేరవాదం బౌద్ధంలో రెండు దారులు. ఆచార్య నాగార్జునుడు మహాయాన తాత్వికుడు. ఇక్కడ నేర్పే పద్ధతి బర్మా థేరవాద పరంపర నుంచి వచ్చింది. మహాయాన ఆచార్యుడి పేరుకి థేరవాదుల భాష తొడిగారన్నమాట. ఇది తప్పని కాదు. ఈ లోయలో రకరకాల బౌద్ధ శాఖలు ఒకప్పుడు పక్కపక్కనే నడిచాయి, ఆ సంగతి చివరి రోజున వస్తుంది.

నమోదు దగ్గర ఫారం మళ్లీ నింపిస్తారు. ఆన్‌లైన్‌లో ఇచ్చినవే అడుగుతారు: మానసిక సమస్యలు ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, మత్తు పదార్థాలు వాడారా, రేకీ లాంటివి చేస్తారా. ఇక్కడ దాచడం అన్నిటికన్నా ప్రమాదం. తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్, సైకోసిస్ చరిత్ర ఉన్నవాళ్లకి రోజుకు పది గంటలు కళ్లు మూసుకుని కూర్చోవడం మేలు చేయకపోగా రోగం తిరగబెట్టొచ్చు. ‘ధ్యానానికి వెళ్తున్నాం కదా, ఇక ఎందుకు’ అని మాత్రలు మానేసి వచ్చేవాళ్లు ఉంటారు. డాక్టర్ రాసిన మందు ఏదీ మానకూడదు. చీటీతో సహా తెచ్చి మేనేజర్‌కి చూపించాలి.

ఫోను, పర్సు, పుస్తకం, పెన్ను, జపమాల, తాయెత్తు అన్నీ సంచిలో వేసి అప్పగించాలి. పూజ, జపం, ఉపవాసం, యోగాసనాలు పది రోజులపాటు పక్కన పెట్టాలి. కాబట్టి అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు దీక్ష విరమించాకే దరఖాస్తు పెట్టుకోవడం మేలు. పిరమిడ్ ధ్యానంలో ‘శ్వాస మీద ధ్యాస’ అలవాటైనవాళ్లు మన రాష్ట్రాల్లో ఎక్కువ. వాళ్లకి మొదటి మెట్టు తెలిసినట్టే ఉంటుంది. రంగులు, వెలుగులు, దృశ్యాలు వస్తే మాత్రం ఇక్కడ పట్టించుకోవద్దంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

సంచిలో ఉండాల్సినవి: వదులు బట్టలు నాలుగైదు జతలు (మోకాలు దాటేవి, పలుచగా లేనివి), శాలువా, దుప్పటి, టార్చి, తాళం, దోమల మందు, మంచినీళ్ల సీసా, బట్టల సబ్బు, గంట కొట్టే అలారం గడియారం. వాసన వచ్చే నూనెలు, సెంట్లు వద్దు. గలగలలాడే ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు. తెల్లవారుజామున నాలుగింటికి పక్క మంచం మీద ఒక కవరు తెరుచుకుంటే డప్పు కొట్టినట్టే ఉంటుంది.

ఖర్చు సున్నా. తిండికీ గదికీ నేర్పినందుకూ పైసా తీసుకోరు. ముందే విరాళం ఇస్తామన్నా పుచ్చుకోరు. ఒక పూర్తి శిబిరం చేసినవాళ్ల దగ్గరే దానం తీసుకోవాలని నియమం. అంటే మీరు తినేది ముందు వచ్చి వెళ్లిన ఎవరో పెట్టిన తిండి.

సాయంత్రం తేలికపాటి భోజనం, తర్వాత నియమాలు. ఎనిమిదింటికి హాల్లోకి పిలిచి చోటు చూపిస్తారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. పది రోజులూ ఆ చదరపు పరుపే మీ ఊరు. పంచశీలాలు తీసుకున్నాక ఆర్య మౌనం మొదలు. నోటి మాటే కాదు, సైగలు, చూపులు, చిరునవ్వులు కూడా ఉండవు. నీళ్లు రాకపోతే సేవకులకి చెప్పొచ్చు. సాధనలో సందేహం వస్తే ఆచార్యుల్ని అడగొచ్చు. అంతే.

ఒకటో రోజు – ముక్కు

నాలుగింటికి గంట. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా హాల్లో గానీ గదిలో గానీ. గదిలో చేస్తాననేవాళ్లలో చాలామంది ఐదింటికల్లా గోడకి ఆనుకుని, ఐదుంపావుకి పడుకుని ఉంటారు. మొదటి మూడు రోజులు హాల్లోనే కూర్చోవాలని గట్టిగా పెట్టుకోవడం మంచిది.

ఆరున్నరకి టిఫిన్. ఎనిమిది నుంచి తొమ్మిది సామూహిక సాధన, మళ్లీ పదకొండు దాకా కూర్చోవడం. పదకొండుకి భోజనం. ఒంటిగంట నుంచి ఐదు దాకా సాధన, మధ్యలో రెండున్నర నుంచి మూడున్నర అందరూ హాల్లో ఉండాలి. ఐదింటికి టీ, ఆరు నుంచి ఏడు సాధన, ఏడు నుంచి ఎనిమిదింపావు దాకా ప్రవచనం, తొమ్మిది దాకా మళ్లీ సాధన. తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేస్తారు. లెక్కేస్తే కూర్చోవడమే పది గంటలకి పైగా.

మొదటి పని ఆనాపాన. ముక్కు మొదలు నుంచి పై పెదవి దాకా ఒక త్రిభుజం ఊహించి, ఆ చోట వచ్చిపోయే శ్వాసని గమనించాలి. లెక్కపెట్టకూడదు, మంత్రం కలపకూడదు, ఏ రూపాన్నీ తలచుకోకూడదు. కారణం చెప్తారు: మంత్రంతో మనసు తొందరగా నిలుస్తుంది, కానీ అది మనం కల్పించుకున్న ఆలంబన. శ్వాస ఉన్నది ఉన్నట్టు వస్తుంది, దాన్ని పట్టుకుంటే ఒంట్లోకి దారి దొరుకుతుంది.

ప్రాణాయామం చేసేవాళ్లకే ఈ పని కష్టం. ఊపిరి గమనించమంటే పొడవుగా తీసి వదులుతుంటారు. చూస్తున్నామనుకుంటారు గానీ నడుపుతుంటారు. అలా చేస్తే రెండు గంటల్లో నుదురు బరువెక్కుతుంది. శ్వాస అసలు తెలియకపోతే నాలుగైదు సార్లు కాస్త గట్టిగా పీల్చి, మళ్లీ మామూలుగా వదిలేయాలి. గట్టి శ్వాసకున్న అనుమతి అంతవరకే.

తిండి గురించి. పొద్దున ఉప్మా, ఇడ్లీ, అటుకులు, రాగి జావ లాంటివి ఒకటో రెండో. మధ్యాహ్నం అన్నం, పప్పు, రెండు కూరలు, చారు, మజ్జిగ, రొట్టె. కారం తక్కువ, నూనె తక్కువ. అంతకన్నా విచిత్రం, ఎవరూ కొసరరు. మన దగ్గర విస్తరి ముందు కూర్చుంటే ‘ఇంకొంచెం, నా మాట మీద’ అనే గొంతు ఒకటి ఉండాలి. ఇక్కడ గరిటె మీ చేతిలో ఉంటుంది, ఎదురుగా గోడ ఉంటుంది. ఎంత ఆకలేస్తుందో ఎవరి మొహమాటమూ లేకుండా తేల్చుకోవాల్సింది మీరే. ముప్పావు కడుపు చాలు. మొదటి రోజు సాయంత్రం తిండి ఉండదన్న భయంతో కూరేవాళ్లు ఒంటిగంట సాధనలో గురక పెడతారు.

సాయంత్రం ఐదింటికి కొత్త సాధకులకి టీ, గుప్పెడు మరమరాలు, ఒక పండు. పాత సాధకులకి నిమ్మకాయ నీళ్లే. వాళ్లు ఎనిమిది శీలాలు పాటిస్తారు, మధ్యాహ్నం దాటాక ఏమీ తినరు. తిన్న కంచం కడుక్కుని బోర్లించడం ఎవరి పని వాళ్లదే.

రెండో రోజు – తలనొప్పి

రోజుకు నాలుగు కాఫీలు తాగే మనిషికి ఈ రోజు గండం. కాఫీ మానేసిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై రెండో రోజుకి ముదురుతుంది. ‘లోపలి మలినాలు బయటికి వస్తున్నాయి’ అనుకుని ఓర్చుకునేవాళ్లు ఉంటారు. అది మలినం కాదు, కెఫీన్ అందక రక్తనాళాలు వెడల్పైన నొప్పి. శిబిరానికి పది రోజుల ముందు నుంచే నాలుగు కప్పుల్ని మూడు, రెండు, ఒకటిగా తగ్గించుకుంటూ వస్తే ఈ బాధే ఉండదు. సిగరెట్, గుట్కా, ఖైనీ కూడా అంతే. గేటు దగ్గర పారేసి వస్తే మూడు రోజులు ధ్యానం కాదు, దానితో యుద్ధమే.

ఈ రోజు గమనించాల్సింది శ్వాస తగిలే చోటు: కుడి ముక్కా, ఎడమ ముక్కా, రెండూనా. ఒక ముక్కే ఆడుతోందని కంగారు పడనక్కర్లేదు. కొన్ని గంటలకోసారి ఒక ముక్కు కాస్త మూసుకుని రెండోది తెరుచుకోవడం అందరి ఒంట్లోనూ జరిగేదే. బయట ఎప్పుడూ చూడం కాబట్టి తెలియదు.

మగత ఒంటిగంట నుంచి రెండున్నర మధ్య వస్తుంది. దానికి విరుగుడు మొహం కడుక్కోవడం, ఐదు నిమిషాలు నడవడం, కళ్లు తెరిచి కాసేపు వెలుగు చూడడం. భోజనం తర్వాత గంటలో ఇరవై నిమిషాలకి మించి పడుకుంటే మధ్యాహ్నమంతా పోయినట్టే.

మూడో రోజు – మీసం చోటు

త్రిభుజం కుదించుకుపోతుంది. ముక్కు రంధ్రాల కింద, పై పెదవి పైన, మీసం మొలిచే చోటు మాత్రమే మిగులుతుంది. అక్కడ శ్వాసే కాకుండా ఏ సంవేదన ఉన్నా గమనించాలి: దురద, వేడి, చెమ్మ, నాడి కొట్టుకోవడం, జలదరింపు. చోటు ఎంత చిన్నదైతే మనసు అంత పదునెక్కుతుందని సూత్రం. సూది మొన అరగదీసినట్టు. మొదటి రోజు బస్సు మోత వినిపించినా తెలియని చోట, ఇప్పుడు ఒక వెంట్రుక కదిలినా తెలుస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు వెతకడం. ‘ఏదో రావాలి’ అని మొహం బిగించి కూర్చుంటే కళ్ల వెనక నొప్పి వస్తుంది. చలనం ఏదీ దొరక్కపోతే శ్వాస తగలడమే ఒక సంవేదన, దాంతో ఉంటే చాలు.

పొట్ట బిగుసుకోవడం కూడా ఈ రోజుకే బయటపడుతుంది. నడక తగ్గుతుంది, నీళ్లు తాగితే మధ్యలో లేవాల్సొస్తుందని తాగడం మానేస్తారు, టైముకి వెళ్లాలంటే వరుస ఉంటుంది. నీళ్లన్నీ సాధనలు లేని గంటల్లోకి మార్చుకోవాలి: లేవగానే రెండు గ్లాసులు, పదింటికి ఒకటి, పన్నెండున్నరకి రెండు, ఐదున్నరకి ఒకటి. పొద్దున తిండిలో పండు ఉంటే వదలకూడదు. అప్పటికీ కదలకపోతే మేనేజర్‌ని అడగడానికి సిగ్గు పడొద్దు, మూడో రోజు ఆయన ఎక్కువగా వినే విన్నపం ఇదే.

ప్రవచనాలు రికార్డింగులు. మాట్లాడేది సత్యనారాయణ గోయెంకా. 1924లో మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. ఎంతకీ తగ్గని మైగ్రేన్ కోసం రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లాడు. ఆ గురువు సన్యాసి కాదు, స్వతంత్ర బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. మొదట తలనొప్పి తగ్గించుకోవడానికే వచ్చానంటే చేర్చుకోనన్నాడట. ఆ పాఠం గోయెంకా ప్రతి శిబిరంలోనూ చెప్తారు. 1969లో ఆయన భారత్ వచ్చి బొంబాయిలో మొదటి శిబిరం నడిపారు. 2013లో పోయారు. తెలుగు ప్రవచనం వినాలనుకునేవాళ్లని వేరే గదికి పంపుతారు, నమోదు రోజే భాష రాయించుకోవాలి. హిందీ మూలంలో ఉన్న చలాకీతనం అనువాదంలో కొంత చల్లబడుతుంది. రెండూ వచ్చినవాళ్లు హిందీ వినడమే మంచిది.

నాలుగో రోజు – నడినెత్తి

మధ్యాహ్నం విపశ్యన నేర్పుతారు. రెండు గంటలు ఎవరూ హాలు దాటకూడదు, కాబట్టి ముందే బాత్రూంకి వెళ్లి రావాలి.

పద్ధతి ఇదీ. మీసం చోట పదునెక్కిన దృష్టిని నడినెత్తి మీదికి తేవాలి. అక్కడి నుంచి తల, మొహం, కుడి భుజం, మోచెయ్యి, వేళ్లు, తర్వాత ఎడమ చెయ్యి, గొంతు, ఛాతీ, పొట్ట, వీపు, నడుము, కుడి కాలు, ఎడమ కాలు, కాలి వేళ్ల దాకా ముక్కముక్కగా దిగాలి. ప్రతి ముక్కలో ఉన్న సంవేదన గమనించి తర్వాతి దానికి వెళ్లాలి. మంచిదైతే ఆగకూడదు, చెడ్డదైతే పారిపోకూడదు. ఏమీ తెలియని మొద్దు చోటు వస్తే ఒక నిమిషం దాకా అక్కడే ఉండి చూడాలి, తర్వాత ముందుకి పోవాలి. బట్ట తగులుతోందని తెలిసినా చాలు. ఊహించుకోవడం మాత్రం పనికిరాదు. ఎర్రటి వెలుగు నెత్తి నుంచి దిగుతున్నట్టు భావించడం వేరే విద్య, ఇది కాదు.

మొదట్లో ఒక చుట్టు తిరగడానికి పది, పదిహేను నిమిషాలు. రెండు నిమిషాల్లో ముగించానంటే ముక్కలు ఎగిరిపోయాయని అర్థం.

ఇక్కడి ‘శుద్ధి’ అంటే ఏమిటో ఈ రోజే తెలుస్తుంది, చాలామంది అనుకునేది కాదు. కాలేయం కడగడం, విషాలు చెమటలో కార్చడం లాంటి డీటాక్స్ ఏదీ లేదు. సిద్ధాంతం ఇంతే: మనం బయటి విషయాలకి స్పందిస్తున్నామనుకుంటాం, నిజానికి ఆ విషయం ఒంట్లో లేపిన సంవేదనకి స్పందిస్తాం. కావాలనుకోవడం, వద్దనుకోవడం రెండూ అక్కడే పుడతాయి. ఆ సంవేదనని స్పందించకుండా చూడగలిగితే పాత అలవాటు గొలుసు తెగుతుంది. దురద లేచి, ఉండి, పోతుంది. చూసినంతసేపూ ‘అనిచ్చ’, నిలవదు. పాత సంస్కారాలు, అంటే మనసులో పడ్డ అలవాటు ముద్రలు, పైకి తేలి కరిగిపోతాయనే మాట దీని మీద కట్టిన నమ్మకం. ప్రయోగశాలలో తూచింది కాదు. కానీ దురద మీద చెయ్యి వేయకుండా ఉండడం అనే కసరత్తుకి ఆ నమ్మకం అక్కర్లేదు.

ఐదు, ఆరు రోజులు – మోకాళ్లు

మూడు సామూహిక సాధనలూ ఇక అధిష్ఠానం. గంటసేపు చెయ్యి విప్పకూడదు, కాలు మార్చకూడదు, కళ్లు తెరవకూడదు. నిజంగా యాత్రలా కష్టపెట్టే భాగం ఇదే. కూర్చునే విధానం మీద కాస్త శ్రద్ధ పెడితే సగం తేలికవుతుంది.

తుంటి మోకాలికన్నా ఎత్తులో ఉండాలి. అందుకు పిరుదుల కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల దిండు కావాలి, మధ్యలో కాదు, అంచు మీద కూర్చోవాలి. అప్పుడు నడుము దానంతటదే ముందుకి వంగి వెన్ను నిలబడుతుంది. మోకాళ్లు గాల్లో తేలితే వాటి కింద చిన్న మెత్తలు పెట్టాలి. తేలిన మోకాలే ముప్పై నిమిషాల తర్వాత కత్తిలా దిగుతుంది. పద్మాసనం ఎవరూ అడగరు. ఒక మడమ ముందు రెండో మడమ పెట్టి కూర్చునే మామూలు బాసింపట్టు చాలు. వయసు మీరినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు కుర్చీ అడగొచ్చు. కుర్రాళ్లు ఏడు మెత్తలతో గూడు కట్టుకుంటారు, అది ప్రతి పూటా కూలుతుంది. ఆరో రోజుకి హాలంతా పరుపుల కొట్టులా ఉంటుంది.

కాలు తిమ్మిరెక్కితే భయపడనక్కర్లేదు, నరం మీద బరువు పడి వచ్చేది. లేచాక రెండు మూడు నిమిషాల్లో పోవాలి. గంట కొట్టగానే ఒక్క ఉదుటున లేస్తే పడతారు. కాళ్లు చాపి, వేళ్లు కదిపి, అప్పుడు లేవాలి. మోకాలి లోపల ఒకే చోట సూదిలా పొడుస్తూ, నడిచాక కూడా ఉండిపోతే మాత్రం అది గమనించి సమతలో ఉండాల్సిన నొప్పి కాదు. ఆ పూటే ఆచార్యులకి చెప్పి కుర్చీ తీసుకోవాలి. పంతానికి పోయి మోకాలు పాడుచేసుకున్నవాళ్లకి పతకాలేమీ ఇవ్వరు.

ఇంకో సంగతి. గంట పూర్తయ్యే ముందు ఐదు నిమిషాలు రికార్డింగులో గోయెంకా పాళీ గాథలు మొదలవుతాయి. నలభై నిమిషాలుగా నిప్పులా ఉన్న నొప్పి ఆ గొంతు వినిపించిన క్షణంలోనే సగమవుతుంది. కాలు అంగుళం కదల్లేదు. తగ్గింది ‘ఇంకెంతసేపు’ అనే మాట. ప్రవచనాలన్నీ చెప్పేది ఆ ఒక్క క్షణమే రుజువు చేసేస్తుంది. చివర్లో ‘భవతు సబ్బ మంగళం’, దానికి హాలంతా ‘సాధు, సాధు, సాధు’. పాత సాధకుల గొంతులో భక్తి ఉంటుంది, కొత్తవాళ్ల గొంతులో విడుదల.

పారిపోవాలనిపించేది ఎక్కువగా రెండో రోజున, ఆరో రోజున. మనసుకి ఇది శస్త్రచికిత్స, మధ్యలో బల్ల దిగి పోవద్దని గోయెంకా మాట. మాట బాగానే ఉంది. అయితే నిద్ర పూర్తిగా పోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, ఆపుకోలేని భయం లాంటివి వస్తే శస్త్రచికిత్స ఉపమానం పట్టుకుని వేలాడకూడదు. పన్నెండింటికి ఆచార్యుల దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, సాధన తగ్గించమంటే తగ్గించాలి, ఇంటికి పొమ్మంటే పోవాలి. అక్కడ ఐదు, పది నిమిషాలే దొరుకుతాయి, కాబట్టి ‘ఆత్మ ఉందా’ లాంటి ప్రశ్నలతో గడపడం వృథా. ‘ఎడమ వీపులో ఏమీ తెలియడం లేదు, ఏం చేయాలి’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

ఏడు నుంచి తొమ్మిది – ధార

మొహాలు చూడరు కాబట్టి మనుషులు చెప్పుల్ని బట్టి తెలుస్తారు. హాలు బయట వరుసలో తోలు చెప్పులు, ఖరీదైన స్పోర్ట్స్ షూ, హవాయి, ఒక జత మడమ దగ్గర తీగతో కుట్టినది. ఎవరు తెల్లారి ముందు వచ్చారో, ఎవరు ఇవాళ రాలేదో చెప్పులే చెప్తాయి.

సాధనలో ఇప్పుడు రెండు చేతులూ ఒకేసారి, రెండు కాళ్లూ ఒకేసారి, నెత్తి నుంచి పాదాలకి, మళ్లీ పాదాల నుంచి నెత్తికి. కొందరికి ఒళ్లంతా సన్నటి జలదరింపు ఒక ధారలా పారుతుంది. శిబిరంలో పెద్ద గొయ్యి ఇదే. ఆ ధార వచ్చినవాడు మర్నాడు అదే కావాలని కూర్చుంటాడు. రాదు. ఏదో పోగొట్టుకున్నట్టు రోజంతా ఏడుస్తాడు. ఎల్‌ఎస్‌డీ, మత్తు పుట్టగొడుగులు రుచి చూసి, అదే అనుభవం మందు లేకుండా దొరుకుతుందని వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు. ఐదో శీలం మత్తుని వద్దంటుంది. ఏడో రోజు పాఠం మత్తులాంటి సుఖాన్ని కూడా పట్టుకోవద్దంటుంది. మోకాలి నొప్పికీ ఈ జలదరింపుకీ ఒకటే వైద్యం: చూడు, కదులు.

ధార వచ్చినా మధ్యమధ్యలో ముక్కముక్కగా ఒక చుట్టు తిరగాలి. లేకపోతే మొద్దు చోట్లు అలాగే ఉండిపోతాయి. తొమ్మిదో రోజు కాస్త జాగ్రత్త, అందరి మనసూ అప్పటికే బస్టాండులో ఉంటుంది.

పదో రోజు – గొంతులు

పొద్దున తొమ్మిది తర్వాత మైత్రీ భావన నేర్పుతారు. అది అవగానే మౌనం విడుస్తారు. తీగతో కుట్టిన చెప్పుల మనిషి ఎవరో పేద రైతు అనుకున్నాం అందరమూ. రిటైరైన బ్యాంకు ఆఫీసరు. స్పోర్ట్స్ షూ మిర్యాలగూడ వైపు వరి మిల్లులో గుమస్తాది, మేనల్లుడు ఇచ్చాడట. ఏ గొంతూ ఊహించుకున్న మొహానికి అతకలేదు. అరగంటలో తలనొప్పి పుట్టేంత గోల. ఈ ఒక్క రోజు మధ్యలో పెట్టింది ఇందుకే. మౌనం నుంచి నేరుగా రోడ్డు మీదికి వదిలితే మనిషి తట్టుకోలేడు.

దానం బల్ల ఈ రోజు తెరుస్తారు. ఎవరూ అడగరు, ఎంతని చెప్పరు, రసీదు ఇస్తారు. పది రోజుల తిండీ గదీ బయట ఎంతవుతుందో వేసుకుని, జేబు ఒప్పినంత ఇచ్చేవాళ్లే ఎక్కువ. డబ్బు లేకపోతే తర్వాతి శిబిరంలో వంటింట్లో కూరగాయలు తరిగే సేవకి పేరు ఇవ్వొచ్చు.

పదకొండో రోజు – లాంచీ

నాలుగున్నరకి ఆఖరి ప్రవచనం, టిఫిన్, గది కడిగి దుప్పట్లు మడతపెట్టి అప్పగించడం. ఇంటి దగ్గర పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. ఆ రెండు గంటలు నెలకి మించి నిలబెట్టేవాళ్లు తక్కువ. పొద్దున్నది ఒక్కటైనా మొదలుపెట్టి, మొదటి వారం ఫోను ఇంకో గదిలో పెట్టి పడుకుంటే కొంత ఆశ ఉంటుంది.

సాగర్ దాకా వచ్చి నాగార్జునకొండ చూడకుండా పోకూడదు. కుడి గట్టున విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. సరిపడా జనం పోగయ్యేదాకా కదలదు, శుక్రవారం మ్యూజియం మూత. మాది ఆదివారం, గంట నిరీక్షణతో సరిపోయింది. దీవి అంటున్నది నిజానికి కొండ కొన. కింద లోయలో ఉన్న విజయపురి, ఇక్ష్వాకు రాజుల పాత రాజధాని, నీళ్లలో మునిగింది. 1926లో ఆ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. మునిగేలోపు తవ్వినంత తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని ఇటుక ఇటుకగా పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. కొన్ని ఇక్కడ, కొన్ని కుడి గట్టు మీది అనుపులో.

మహాచైత్యం, అంటే ఇక్కడి పెద్ద స్తూపం, దాని పునాది పైనుంచి చూస్తే బండి చక్రంలా ఉంటుంది, ఆకులతో సహా. దీన్ని కట్టించిన చాంతిసిరి రాజు చాంతమూలుడి చెల్లెలు. ఆ కాలపు శాసనాల్లో దానాలు ఎక్కువ చేసింది రాజులు కాదు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు. బోధిసిరి అనే ఉపాసిక శాసనం ఇంకో సంగతి చెప్తుంది: సింహళం నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే బౌద్ధ శాఖలవాళ్లు, సింహళ భిక్షువులు అందరికీ ఈ ఒక్క లోయలో చోటు దొరికింది. ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడన్నది సంప్రదాయం, శాసనం కాదు. థేరవాదులు ఉన్నది మాత్రం రాతి మీద ఉంది. హిల్ కాలనీలో ఇవాళ పాళీలో వినిపించిన గాథలు ఈ లోయకి కొత్త కాదన్నమాట.

తిరుగు లాంచీలో ఇంజను మోతకి పక్కవాళ్ల మాట వినపడదు. రేవులో దిగాక చేపల వేపుడు వాసన. శిబిరం నుంచి వచ్చిన నలుగురం బండి చుట్టూ నిలబడ్డాం. ఇద్దరు కొన్నారు, ఒకరు మొక్కజొన్న పొత్తు తీసుకున్నారు. బ్యాంకు ఆఫీసరు ధర అడిగి, కాసేపు కళ్లు మూసుకుని, మాచర్ల బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి వెళ్లారు.